లేబుల్ మీద నేను వేసిన ఒకటి

నాతోపాటు పరిశోధన చేసిన గ్రేస్ సుగుణ తన పనిని సగంలో వదిలేసి మా విభాగం నుంచి వెళ్లిపోయింది. కొలవని అంకెలు కొలిచినట్టు రాసిందన్న నింద మోసుకుని వెళ్లింది. ఆ నిందను ఒక్క మాటతో చెరిపేయగల మనిషి, అది పడినప్పుడు ఆ గదిలోనే నిలబడి ఉన్నాడు. ఆ మనిషి నేనే. ఆ మాట చెప్పలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు కూడా చెప్పలేదు.

ఇంకా కొన్నేళ్లు సర్వీసు ఉండగానే ఉద్యోగం వదిలి వచ్చేశాను. ఎవరూ పొమ్మనలేదు. ఈమధ్య జీవరసాయన శాస్త్రంలో చేరబోయే పిల్లలు వచ్చి, ఆ పని నిజంగా ఎలా ఉంటుందో రాయమని అడుగుతున్నారు. ఎప్పుడు రీడర్ అయ్యానో, ఏ కమిటీలో కూర్చున్నానో వాళ్లకు అక్కర్లేదు. పని గురించి రాయాలంటే మాత్రం దీనితోనే మొదలుపెట్టాలి. ఇది లేకుండా రాసినదేదైనా మళ్లీ దాచడమే అవుతుంది.

నిద్రపోయే ఎంజైము

డెబ్బైల చివర విశాఖపట్నంలో మా ప్రయోగశాల అంటే రెండు గదులు, ఒక చల్లగది, సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టే యంత్రాలు. బొంబాయి నుంచి మంచులో పెట్టి పంపిన రసాయనం రైలు ఆలస్యమై గోరువెచ్చగా చేరేది. కరెంటు పోతే చల్లగది తలుపు ఎవరూ తెరవకుండా దానికి వీపు ఆనించి కూర్చునేవాళ్లం. అటెండర్ అప్పన్న ఫిషింగ్ హార్బర్ దగ్గరి ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెపట్టాలో ఐసు దిమ్మ తెచ్చి, రోకలితో కొట్టి బకెట్లలో నింపేవాడు. దాంట్లోంచి అప్పుడప్పుడు చేపల వాసన వచ్చేది.

మేం చూసేది కణాల మధ్య నడిచే కబురు. ఒక జంతువు భయపడితే దాని రక్తంలో ఒక హార్మోను పెరుగుతుంది. ఆ హార్మోను కాలేయపు కణం లోపలికి వెళ్లదు, బయట తలుపు తడుతుంది. లోపల ఒక చిన్న అణువు తయారై ఒక ఎంజైమును లేపుతుంది. అది ఇంకోదాన్ని, ఆ ఇంకోది మూడోదాన్ని. చివర లేచిన ఎంజైము కాలేయంలో దాచిన పిండిపదార్థాన్ని విరిచి చక్కెరగా రక్తంలోకి వదులుతుంది. జంతువు పరిగెత్తడానికి అదే బలం. ఇదంతా జరగడానికి పట్టే కాలం చాలా తక్కువ.

సుగుణ పని ఆ చివరి ఎంజైము మీద. ప్రశాంతంగా ఉన్న మేక కాలేయంలో అది ఎంతవరకు నిద్రలో ఉంటుంది, హార్మోను ఇస్తే ఎంత లేస్తుంది అన్నది కొలవాలి. లేచి ఉన్న కొద్దీ పరీక్షనాళికలో నీలం రంగు ముదురుతుంది. నిద్రలో ఉంటే ఉతికి ఆరేసిన చీరలా పలచని నీలం. మొదటి ఏడాదిన్నర ఆమెకు ప్రతిసారీ పలచని నీలమే వచ్చింది. అంత నిలకడైన అంకెలు మా విభాగంలో ఇంకెవరికీ లేవు.

పోర్టు వర్క్‌షాపు పటకారు

మేక తెగిన క్షణం నుంచి కాలేయంలో ఎంజైములు మారిపోవడం మొదలవుతుంది. వెంటనే గడ్డకట్టించాలి. దానికి పశువుల వీర్యం నిల్వచేసే కేంద్రం నుంచి ద్రవ నత్రజని తెచ్చుకునేవాళ్లం. ఇక కావలసింది పటకారు. రెండు మందపాటి అల్యూమినియం దిమ్మలను నత్రజనిలో ముంచి, వాటి మధ్య కాలేయపు ముక్కను నొక్కితే అప్పడంలా పలచబడి క్షణంలో రాయవుతుంది. విదేశాల నుంచి తెప్పించే స్తోమత మాకు లేదు.

సుగుణ నాన్నగారు పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. కూతురు గీసిచ్చిన బొమ్మ చూసి తుక్కు అల్యూమినియంతో రెండు వారాల్లో ఆయనే చేసి ఇచ్చారు. మొదటిది చలికి బిగుసుకుపోయింది. కీలు దగ్గరి రివిట్టు మార్చి మళ్లీ చేశారు. ఆయన స్వయంగా తెచ్చి, చర్చికి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కాతో మా ప్రొఫెసర్ గారి ముందు నిలబడ్డారు.

"మా పిల్ల సదువుకి నాను సేయగలిగింది ఇదొక్కటే సార్," అన్నారు.

ప్రొఫెసర్ గారు లేచి నిలబడి దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. మేం ఆయన్ను మేష్టారు అనేవాళ్లం. మంచి మనిషి. చెయ్యి కాలినా గాజుసామాను కింద పడేయని రకం. ఈ కథలో ఆయన్ను దుర్మార్గుడిగా చూపించడం నాకు సులువు, కానీ అది అబద్ధం.

ఆయన పెట్టిన ఒక నియమం గురించి మాత్రం చెప్పాలి. ఆడపిల్లలు కబేళాకు వెళ్లకూడదు. రక్తం, బురద, బూతులు, అక్కడ మన అమ్మాయిలకేం పని అనేవారు. సుగుణ మర్యాద కాపాడుతున్నాననే అనుకున్నారు. దానివల్ల తన ప్రయోగంలో మొదటి పది నిమిషాలు ఎలా జరిగాయో ఆమె ఎప్పుడూ కళ్లతో చూడలేదు. పటకారు ఆమె ఇంటిది, ప్రశ్న ఆమెది, కాలేయం మాత్రం వేరేవాళ్లు తెచ్చిచ్చిందే.

అప్పన్న కూర్చునే అరగంట

తెచ్చేది అప్పన్న. గోపాలపట్నం అవతల పొలాలున్న కుటుంబం, పశువుల మధ్య పెరిగినవాడు. సోమవారాలు ఉదయం కబేళాకు వెళ్లి, కసాయి ఖాదర్ భాయ్ కోసే మొదటి మేక కాలేయం తెచ్చేవాడు. సుగుణ నోటు పుస్తకంలో ఒక గడి ఉండేది: మేక వరుస సంఖ్య. ప్రతి లేబుల్ మీద అప్పన్న వంకర అంకెతో 1 అని వేసేవాడు.

అతను అక్కడ ఇంకొకటి చేసేవాడని మాకెవరికీ తెలియదు. అరగంట ముందే వెళ్లి, ఒక మేకను మందలోంచి విడదీసి, మిగతావాటి అరుపు గట్టిగా వినపడని గోడ వెనక్కి తీసుకెళ్లి, పనసాకులు తినిపిస్తూ దాని పక్కనే కూర్చునేవాడు. ఖాదర్ భాయ్ వచ్చేసరికి అది నెమరేస్తూ ఉండేది. మేం రాసుకున్న పద్ధతిలో 'మొదటి మేక' అని రెండే మాటలున్నాయి. ఆ రెండు మాటల వెనక అప్పన్న అరగంట ఉంది. పరిశోధనలో చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటుంది. మీ పద్ధతి మీరు రాసుకున్నది కాదు, మీకోసం పనిచేసే మనిషి రోజూ చేసేది. వెళ్లి చూడండి.

ఆరు సోమవారాలు

సుగుణ ఫలితాలతో మేష్టారు ఒక వ్యాసం విదేశీ పత్రికకు పంపారు. వాళ్లు మెచ్చుకుని, నిద్రలో ఉన్న ఎంజైము అంకెల్ని మాత్రం ఇంకో ఆరుసార్లు కొలిచి పంపమన్నారు. సరిగ్గా ఆ వారమే సింహాచలం చందనోత్సవానికి వెళ్లిన అప్పన్న మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కబేళా పని నాకు పడింది.

మొదటి సోమవారం ఇనుప ఖనిజం రైలుకు గేటు వేయడంతో నా బస్సు ఆగిపోయింది. వ్యాగన్ల వెనక వ్యాగన్లు పోర్టులోకి కదులుతుంటే బస్సు ఇటు, కబేళా అటు. కండక్టరు నా చేతిలోని నత్రజని పాత్ర మూతలోంచి వచ్చే తెల్లటి పొగ చూశాడు.

"ఏటి బావా ఆ పొగ? నా బస్సు పేల్సీవు గదా."

"గాలే. చల్లబడిన గాలి."

"గాలికి మూతెందుకు బావా? దూరంగా కూకో."

నేను చేరేసరికి బాగా ఆలస్యమైంది. ఖాదర్ భాయ్ కత్తి నూరుకుంటున్నాడు.

"మీ మేక వెళ్లిపోయింది సాబ్. అప్పన్న అయితే నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు."

"ఏదో ఒకటి ఇవ్వు భాయ్. అన్నీ మేకలే కదా."

"కోసేవాడికి అన్నీ ఒకటే సాబ్. మీకే తేడా అంటాడు అప్పన్న."

వరుసలో ఉన్నదాన్ని లాక్కొచ్చాడు. అది నాలుగు కాళ్లూ నేలకు తన్ని నిలబడింది. ముందువాటిని కోయడం చూసింది కదా. కాలేయం పటకారులో నొక్కాను. లేబుల్ మీద వరుస సంఖ్య వేయాలి. ఏడో ఎనిమిదో తెలియదు. ఆ గడిలో ఎప్పుడూ ఉండే అంకె ఒకటి. ఒకటి వేశాను.

రెండో సోమవారం రైలు లేదు. అప్పుడు నేను లెక్చరర్ ఇంటర్వ్యూకి చదువుతున్నాను. ఆలస్యంగా వెళ్లినా పని జరుగుతుందని మొదటివారం తెలిసింది. అలా ఆరు వారాలూ కోత మొదలైపోయాక ఎనిమిది గంటలకు వెళ్లాను. ఆరు లేబుళ్ల మీదా ఒకటి వేశాను.

సుగుణ పరీక్షనాళికల్లో నీలం సిరాలా చిక్కగా వచ్చింది. స్టాండును వెలుతురుకి పట్టి నాకు చూపించింది.

"ఏటి మూర్తీ ఇది? మేక పడుకునుండాలి గాని పరిగెడతన్నట్టుంది."

నవ్వాను. ఆమె నవ్వలేదు. నీళ్లు మళ్లీ స్వేదనం చేసింది. ఎంజైమును ఉన్న స్థితిలోనే ఆపే ఫ్లోరైడుతో సహా ద్రావణాలన్నీ పారబోసి కొత్తవి కలిపింది. పిపెట్లు ఒక్కొక్కటీ తూకం వేసి సరిచూసింది. తనవైన వస్తువుల్లో తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ పోయింది. నా లేబుళ్ల జోలికి రాలేదు.

మేష్టారి గది

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. పాత అంకెలు, కొత్త అంకెలు. కొత్తవి మూడింతలు.

"పాతవి కొలిచినవా, రాసినవా అమ్మా?" అని అడిగారు మేష్టారు. గొంతు పెంచలేదు.

"కొలిచినవే సార్. పుస్తకంలో ప్రతిదీ ఉంది."

"పుస్తకంలో ఉంది. నాళికలో లేదు. ఏడాదిన్నర ఒకేలా వచ్చినవి, బయటివాళ్లు అడిగాక ఆరుకి ఆరూ ఎలా తప్పాయి? మరీ నిలకడగా ఉన్నప్పుడే నేను అనుమానించాల్సింది."

సుగుణ నా వైపు తిరిగింది. "మూర్తీ, నువ్వు తెచ్చినవన్నీ మొదటి మేకవేనా?"

నేను అవునన్లేదు. చాలా ఏళ్లు నన్ను నేను సముదాయించుకోవడానికి అదే పనికొచ్చింది. నేనన్నది, "లేబుల్ మీద ఉంది కదా."

మేష్టారు లేబుళ్లు చూశారు. నా చేతిరాత శుభ్రంగా ఉంటుంది. వచ్చే నెలే నా ఇంటర్వ్యూ. కమిటీలో ఆయన ఉన్నారు. నిర్లక్ష్యంగా లేబుల్ వేసినవాడికి ఆయన ఉద్యోగం ఇవ్వరని నాకు బాగా తెలుసు.

వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఈ అంకెలతో రాసిన థీసిస్ మీద సంతకం చేయనని, కావాలంటే వేరే అంశంతో మొదటినుంచి మొదలుపెట్టమని ఆమెతో చెప్పారు. ఆ తర్వాతి వారం నుంచి ఆమె రాలేదు. ఆమె ల్యాబు కోటు కొక్కేనికి అలాగే ఉంది. పటకారు సొరుగులోనే ఉండిపోయింది.

అప్పన్న చేతికర్రతో తిరిగొచ్చాక చల్లగదిలో నన్ను పట్టుకున్నాడు.

"బాబూ, ఖాదర్ భాయ్ సెప్పాడు. ఎనిమిదింటికి వచ్చీవోరంట గదా. వరసలో మేకంట."

"అవును."

"బెదిరిన మేక, బెదరని మేక ఒకటేనేటి? ముట్టుకుంటేనే తెలిసిపోద్ది, గుండె ఎలా కొట్టుకుంటాదో. ఆయమ్మకి సెప్పకపోతే ఎలాగ?"

అప్పటిదాకా అది నిర్లక్ష్యం మాత్రమే అనుకున్నాను. ఆ క్షణంలో ఎంజైము ఎందుకు లేచిందో అర్థమైంది. భయం కబురు కాలేయానికి అందింది, సుగుణ దాన్ని సరిగ్గా కొలిచింది. పాత అంకెలూ నిజం, కొత్త అంకెలూ నిజం. అబద్ధం లేబుల్ ఒక్కటే.

"ఇంటర్వ్యూ అవనీ అప్పన్నా. నేనే చెప్తాను. నువ్వు చెప్పకు," అన్నాను.

ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం వచ్చింది. చెప్పలేదు. అప్పన్న అంతటితో ఊరుకున్నాడు. కానీ అప్పటినుంచి నన్ను 'బాబూ' అనడం మానేసి 'సార్' అన్నాడు.

నాకు పేరు తెచ్చిన వ్యాసం

ఎనభైల మొదట్లో నేను ఒక పని చేశాను. అప్పన్న పక్కన కూర్చున్న మేకలు, వరుసలో నిలబడిన మేకలు. రెండింటి కాలేయాలూ పోల్చి చూశాను. ఫలితం ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు. వధకు ముందు భయం ఆ ఎంజైమును ఎలా లేపుతుందో చూపించిన ఆ వ్యాసమే నాకు పేరు తెచ్చింది. ఈ ఆలోచన ఎలా తట్టిందని అడిగితే, కబేళాలో చూసి తట్టిందని చెప్పేవాణ్ణి. అది కూడా మాటవరసకు నిజమే. చివర కృతజ్ఞతలలో అప్పన్నకు, ఖాదర్ భాయ్‌కు చెప్పుకున్నాను. సుగుణ పేరు లేదు. పేరు పెడితే ఎందుకు పెట్టావని అడుగుతారు.

ఆ పనంతా ఆమె తండ్రి చేసిన పటకారుతోనే చేశాను.

ఆలోచన దొంగిలించడం గురించి మన రంగంలో చాలా మాట్లాడతారు. నేను దొంగిలించింది ఆలోచన కాదు. ఒక మనిషికి తన చేతుల మీదున్న నమ్మకం. దాన్ని పట్టుకునే నియమం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు.

కొన్నేళ్లకు అప్పన్న రిటైరయ్యాడు. టీ, దండ, రెండు మాటలు అయ్యాక సొరుగు తెరిచి, పటకారు గుడ్డలో చుట్టి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవులిదో నాకూ మీకే తెల్సు సార్. నాను పోతన్నాను. ఆయమ్మ కూర్మన్నపాలెంలో బడిలో పనిసేత్తంది. మీరు సెప్తానన్నారని నాను సెప్పనేదు. పన్నెండేళ్లు."

కూర్మన్నపాలెం

ఆ శనివారం బస్సెక్కాను. స్టీలు ప్లాంటు కార్మికుల పిల్లలు చదివే బడి. పాఠాలు అయ్యాక సైన్సు గదిలో సుగుణ రికార్డు పుస్తకాలు దిద్దుతోంది. జుట్టు ముందువైపు నెరిసింది.

"మూర్తి గారా? కూర్చోండి. బస్సు ఖాళీగా దొరికిందా?"

గుడ్డ విప్పి పటకారు బల్ల మీద పెట్టాను. ఆమె చూసి, రివిట్టు మీద వేలు పెట్టింది.

"రెండోసారి వేసింది. మొదటిది బిగుసుకుపోయింది."

నేను చెప్పాను. దారిలో కూర్చుకున్న మాటలేవీ రాలేదు. రైలు, ఎనిమిది గంటలు, ఒకటి, ఒకటి, ఒకటి. అప్పన్న, పనసాకులు, గోడ వెనక అరగంట. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక అడిగిన మొదటి ప్రశ్న:

"ఎన్నో మేక?"

"ఏడోదో ఎనిమిదోదో. రాసుకోలేదు."

"రాసుకోలేదా."

పటకారు తెరిచి, మళ్లీ మూసింది. కిటికీలోంచి ప్లాంటు సైరను వినిపించింది. షిఫ్టు మారింది.

"నీళ్లనుకున్నాను," అంది. "తర్వాత ఫ్లోరైడు పాతదనుకున్నాను. తర్వాత నాకే తెలీకుండా పాత అంకెలు నాకు కావలసినట్టు చదివానేమో అనుకున్నాను. ఇక్కడ పిల్లలకి పాలు కొలిచి ఇచ్చినా రెండోసారి చూసుకుంటాను. మా నాన్న ఒక్కసారే అడిగాడు, నిజంగా కొలిసావా అమ్మా అని. కొలిచానన్నాను. కానీ అలా అంటున్నప్పుడు నాకే నమ్మకం లేదు. అది ఆయనకి తెలిసింది. నిరుడు పోయాడు మూర్తీ. నువ్వు నిరుడు రాలేకపోయావా?"

చేతులు జోడించబోయాను.

"వద్దు. అది నాకెందుకు? రాసివ్వు. మేష్టారికి, యూనివర్సిటీకి, నీ వ్యాసం వేసినవాళ్లకి. ఇక్కడే కూర్చుని రాయి."

ఒక రికార్డు పుస్తకం చివరి కాగితం చింపి ఇచ్చింది. నేను రాసింది చదివి ఎర్రకలంతో రెండుచోట్ల కొట్టేసింది. ఒకటి 'పొరపాటున' అన్న మాట. రెండోది 'అప్పటి పరిస్థితుల్లో' అన్నది.

ఆ కాగితం తర్వాత ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. దాని నకళ్లు మూడుచోట్లకీ పంపాను. పత్రిక ఒక మూల చిన్న సవరణ వేసింది. సుగుణ రిజిస్ట్రేషను ఎప్పుడో రద్దయిపోయిందని యూనివర్సిటీ జవాబిచ్చింది. అప్పటికి రిటైరైన మేష్టారు నాకు రాయలేదు. కర్ర ఊతంగా రెండు బస్సులు మారి కూర్మన్నపాలెం వెళ్లారని తర్వాత తెలిసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అది తెలుసుకునే హక్కు నాకు లేదు. ఉద్యోగంలోంచి నన్ను ఎవరూ తీసేయలేదు. కొంతకాలానికి నేనే కూర్చోలేక లేచి వచ్చాను. పటకారు సుగుణ దగ్గరే ఉంది.

ఆమె దిద్దాక ఆ కాగితం మీద మిగిలిన మాటలు ఇవి:

"గ్రేస్ సుగుణ కొలిచిన అంకెలన్నీ నిజం. మొదటివీ నిజం, చివరి ఆరూ నిజం. ఆ ఆరు కాలేయాలు మొదటి మేకవి కావు. వరుసలో నిలబడి, భయపడిన మేకలవి. వాటి మీద ఒకటి అని వేసింది నేను. ఆమె నన్ను అడిగినప్పుడు నాకు తెలుసు, చెప్పలేదు. నా ఉద్యోగం కోసం చెప్పలేదు. తర్వాత ఆమె ఫలితం మీదే నా పేరు కట్టుకున్నాను. సుగుణా, నన్ను క్షమించమని అడుగుతున్నాను. నిన్ను నమ్మమని మీ నాన్నగారికి చెప్పలేకపోయినందుకు, ఆయన్ను కూడా."